కాంట్రా వేగం ఎందుకు పెరిగింది?

కొత్తవలస నుంచి కిరండూల్ వెళ్లే రైలు మార్గంలో 58 సొరంగాలున్నాయి. విశాఖలో పొద్దున బయల్దేరిన బండి శృంగవరపుకోట దాటి కొండెక్కడం మొదలుపెట్టాక ఫోన్లలో సిగ్నల్ గీతలు వస్తుంటాయి, పోతుంటాయి. నెట్ మీద నడిచే తుపాకీ ఆట సొరంగంలో బిగుసుకుపోతుంది. వెలుతురులోకి వచ్చి చూసుకునేసరికి ఆటగాడు ఎప్పుడో చచ్చి ఉంటాడు. అదే బోగీలో ఫోన్‌లోనో, చేతిలో పట్టే గేమ్ మిషన్‌లోనో 1988 నాటి కాంట్రా ఆడుతున్నవాడికి మాత్రం బొర్రా గుహలు వచ్చినా అరకు వచ్చినా ఇబ్బంది లేదు. ఆ ఆటకు బయటి ప్రపంచంతో పని లేదు. ఎనిమిది స్టేజీలు, వాటి చివర కాచుకున్న బాసులు, పాటలు, పేలుళ్లు, ఇద్దరు వీరులు, అన్నీ కలిపి 128 కిలోబైట్లు. ఫోన్‌తో తీసిన ఒక ఫొటో మూడు మెగాబైట్లు ఉందనుకుంటే, అంత చోటులో ఇరవైకి పైగా కాంట్రాలు పడతాయి.

ఈ కొండ రైలుకీ ఆ ఆటకీ జపాన్ దగ్గర చుట్టరికం ఉంది. 1960ల్లో ఈ మార్గం వేసిందే బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు దించి జపాన్‌కు పంపడానికి. ఖనిజం అటు వెళ్తూ ఉండగానే కొన్నేళ్లకు జపాన్ ఆటలు ఇటు వచ్చాయి. అయితే వాటిని పంపింది మాత్రం జపాన్ కంపెనీ కాదు.

చిన్నప్పుడు కాంట్రా ఆడినవాళ్లు ఇప్పుడు కొత్తగా విడుదలైన రూపాన్ని పట్టుకుంటే చాలామంది నోట వచ్చే మొదటి మాట, ఇది ఇంత వేగంగా ఉండేదా అని. వెంటనే తప్పు వయసు మీదికి తోసేస్తారు. చేతులు మొద్దుబారాయని, కళ్లు సహకరించడం లేదని సర్దుకుంటారు. వయసు వాటా కొంత ఉండొచ్చు. మిగతా వాటా టీవీది. అది లెక్క కట్టి చూపించగలిగిన వాటా.

కోనామీ కంపెనీ కాంట్రాను 1987లో డబ్బులేసి ఆడే ఆర్కేడ్ యంత్రం కోసం చేసింది. మరుసటి ఏడు ఫిబ్రవరిలో ఇంట్లో టీవీకి తగిలించే నింటెండో యంత్రానికి తెచ్చింది. జపాన్‌లో ఆ యంత్రం పేరు ఫామికామ్, 1983 జులైలో విడుదలైంది. అమెరికాలో దాన్నే ఎన్ఈఎస్ అన్నారు. ఆర్కేడ్ కాంట్రా కంటే ఇంటి కాంట్రాయే ఎక్కువ పేరు తెచ్చుకుంది, ఆ పేరు న్యాయమైనదే. ఆర్కేడ్ తెర నిలువుగా, ఇరుగ్గా ఉంటుంది. ఇంటి రూపంలో దారి పొడవు పెరిగింది, దూకుళ్లకు చోటు దొరికింది, ఇద్దరు పక్కపక్కన పరుగెత్తుతూ కాల్చడానికి ఊపిరాడింది.

తెలుగు ఊళ్లకు వచ్చింది అసలు యంత్రం కాదు, దాని నకలు. తైవాన్, హాంకాంగ్, చైనాల నుంచి వచ్చిన చిప్పులతో తయారైన చవక డబ్బాలు మీడియా, లిటిల్ మాస్టర్ లాంటి పేర్లతో దేశమంతా అమ్ముడుపోయాయి. జనం వాటిని వీడియో గేమ్ అనే అన్నారు, అందులో గుచ్చే పెట్టెను క్యాసెట్ అన్నారు. క్యాసెట్ మీద 9999 ఆటలని అచ్చేసి ఉండేది. నిజానికి లోపల ఉండేవి ఏ పదో ఇరవయ్యో. జాబితాలో అదే కాంట్రా పదిసార్లు కనిపించేది. ఒకదాంట్లో 30 లైఫులు, ఇంకొకదాంట్లో చేతికి ముందే మంచి గన్, వేరొకదాంట్లో ఏకంగా మూడో స్టేజి. ఇది మోసమే అయినా తెలివైన మోసం. ఆట మొదలయ్యేటప్పుడు యంత్రం జ్ఞాపకంలో లైఫుల సంఖ్య ఉండే గదిలో 3 బదులు 30 రాస్తే చాలు, జాబితాలో కొత్త ఆట పుట్టినట్టే. ఒక బైటు మార్పుకు ఒక పేరు.

30 లైఫుల రహస్యం నకలువాళ్ల సొంతం కూడా కాదు. పైకి రెండుసార్లు, కిందికి రెండుసార్లు, ఎడమ, కుడి, ఎడమ, కుడి, తరవాత బీ, ఏ. దీన్ని కోనామీ కోడ్ అంటారు. 1986లో గ్రేడియస్ అనే ఆటను ఇంటి యంత్రానికి మారుస్తున్నప్పుడు కజుహిసా హషిమోతో అనే ప్రోగ్రామర్‌కు ఆ ఆటను పరీక్షించడమే గండమైంది. తను రాసిన ఆట తనే గెలవలేక, అన్ని ఆయుధాలూ ఒక్కసారిగా ఇచ్చే చిన్న దొంగదారి పెట్టుకున్నాడు. అది తీసేయకుండానే ఆట బయటికి వెళ్లింది. రెండేళ్లకు కాంట్రాలో అదే మీటల వరుస 30 లైఫులిచ్చింది. ఒక్క తూటా తగిలితే పోయే ఆటలో అదేమీ ఎక్కువ కాదు. హషిమోతో 2020 ఫిబ్రవరిలో కన్నుమూసినప్పుడు చాలామంది ఆ వరుసనే నివాళిగా రాసుకున్నారు.

పాత ఆటను మళ్లీ తేవడానికి రెండు దారులున్నాయి. కొత్తగా కట్టడం ఒకటి. 2024 మార్చిలో వేఫార్వర్డ్ అనే స్టూడియో చేసిన కాంట్రా: ఆపరేషన్ గలుగా ఆ రకం. పాత అడవి, పాత జలపాతం, కొత్త బొమ్మలు, ఒక్క తూటాకే చావకుండా కాస్త ఆయుష్షు. ఆడటానికి బాగానే ఉంది, కానీ అది కాంట్రా మనవడు. రెండో దారి ఎమ్యులేషన్. 2019 జూన్‌లో వచ్చిన కాంట్రా యానివర్సరీ కలెక్షన్ ఈ దారిలో వచ్చింది. అందులో ఆర్కేడ్ రూపాలు, ఇంటి రూపాలు, సూపర్ సీ, కాంట్రా 3, హార్డ్ కోర్ వంటివి ఉన్నాయి. దాన్ని చేసింది జపాన్‌లోని ఎం2 అనే చిన్న కంపెనీ. పాత ఆటల విషయంలో దాని చాదస్తం పేరుమోసింది.

ఎమ్యులేటర్ ఆటను మార్చదు. పాత యంత్రం లేని చోట పాత యంత్రంలా నటిస్తుంది. ఆ 128 కిలోబైట్లు 1988లో ఎలా ఉన్నాయో అలాగే ఉంటాయి. ప్రోగ్రామ్ ఒక ఆదేశం ఇస్తే, అప్పటి ప్రాసెసర్ ఏం చేసేదో ఇప్పటి ప్రాసెసర్ లెక్కవేసి చేసి చూపిస్తుంది. అప్పటి ప్రాసెసర్ వేగం 1.79 మెగాహెర్ట్జ్, పని చేసుకోవడానికి జ్ఞాపకం రెండు కిలోబైట్లు. ఇప్పటి మామూలు ఫోన్ దానికి వెయ్యి రెట్ల వేగం. ఇక కష్టమేముంది అనిపిస్తుంది. కష్టం బలంలో లేదు, సమయపాలనలో ఉంది.

పాత యంత్రంలో ఇద్దరు పనివాళ్లు. ఒకరు ఆలోచించే ప్రాసెసర్, రెండోవారు బొమ్మ గీసే చిప్. ప్రాసెసర్ ఒక అడుగు వేసే లోపు గీసే చిప్ మూడు చుక్కలు గీస్తుంది. ఒక గీతకు 341 చుక్కల కాలం, ఒక ఫ్రేముకు 262 గీతలు. లెక్క కడితే ఒక్కో ఫ్రేముకు ప్రాసెసర్‌కు దొరికేది 29,780 అడుగులు, పైన ఇంకొంచెం చిల్లర. ఆ లోపు శత్రువులు కదలాలి, తూటాలు ఎగరాలి, పాటలో తరవాతి స్వరం పడాలి. కొన్ని ఆటల్లో ప్రోగ్రామర్లు తెర సగం గీసిన క్షణాన్ని లెక్కపెట్టి పట్టుకుని, అక్కడ తెర జరిగే తీరు మార్చేవారు. ఎమ్యులేటర్ ఆ క్షణాన్ని కొన్ని చుక్కలు అటూ ఇటూ చేసినా తెర చీలినట్టు కనిపిస్తుంది. అందుకే మంచి ఎమ్యులేటర్లు ప్రతి చుక్కనూ లెక్కపెడతాయి, వెయ్యి రెట్ల బలంలో చాలా భాగం ఆ లెక్కకే ఖర్చవుతుంది.

పాత యంత్రపు లోపాలను ఏం చేయాలన్నది దీనికంటే ఆసక్తికరమైన ప్రశ్న.

కాంట్రాలో ఇద్దరూ ఒకే ఎత్తులో నిలబడి ఎడాపెడా కాలుస్తుంటే బొమ్మలు మిణుకుమిణుకుమంటాయి. తూటా మాయమై మళ్లీ కనబడుతుంది, శత్రువు కాళ్లు ఒక క్షణం ఉండవు. క్యాసెట్‌లో దుమ్ము చేరిందని ఊదిన పిల్లలున్నారు. అది దుమ్ము కాదు. గీసే చిప్ తెర మీద మొత్తం 64 కదిలే బొమ్మముక్కలను చూపించగలదు, కానీ ఒక అడ్డగీత మీద ఎనిమిదికి మించి గీయలేదు. సంతరోజు పాడేరు వెళ్లే జీపులా ఎందరొచ్చినా ఎక్కించుకునే రకం కాదది. తొమ్మిదో ముక్కను నిర్దాక్షిణ్యంగా వదిలేస్తుంది. ప్రతిసారీ అదే ముక్కను వదిలితే ఆ తూటా ఆటగాడికి ఎప్పటికీ కనబడదు, కనబడని తూటాకు చావడం కంటే అన్యాయం ఇంకోటి లేదు. అందుకని ప్రోగ్రామర్లు ఫ్రేము ఫ్రేముకూ వరుస మార్చారు. ఈసారి వదిలేసిన ముక్క వచ్చేసారి ముందు నిలబడుతుంది. సెకనుకు అరవైసార్లు ఇలా వంతులు మారితే కంటికి అది మిణుకుగా కనిపిస్తుంది, మొత్తానికి మాయం కాదు. 

ఇప్పటి ఎమ్యులేటర్‌కు ఎనిమిది పరిమితి ఎత్తేయడం నిమిషం పని. చాలా ఎమ్యులేటర్లలో ఆ మీట ఉంది కూడా. ఎత్తేస్తే బొమ్మ శుభ్రంగా ఉంటుంది. కానీ అన్ని ఆటల్లో ఇది చెల్లదు. లెజెండ్ ఆఫ్ జెల్డాలో వీరుడు నేలమాళిగ గుమ్మంలోకి వెళ్లేటప్పుడు అతణ్ని దాచడానికి ప్రోగ్రామర్లు ఈ పరిమితినే వాడుకున్నారు. ఆ గీతల మీద ముందే ఎనిమిది ఖాళీ ముక్కలు కూర్చోబెట్టి, తొమ్మిదోవాడైన వీరుణ్ని చిప్ చేతే మాయం చేయించారు. అక్కడ పరిమితి ఎత్తేస్తే వీరుడు గోడ మీద నడుస్తున్నట్టు కనబడతాడు. కాంట్రాకు ఆ చిక్కు లేకపోయినా మిణుకును ఉంచుకోవడమే మేలు. అది తీసేసిన కాంట్రా ఉతికి ఇస్త్రీ చేసిన ఖాకీ చొక్కాతో అడవిలోకి దిగిన సైనికుడిలా పరాయిగా ఉంటుంది.

కలెక్షన్‌లో ఇంటి కాంట్రా జపాన్ రూపం కూడా ఉంది. దాని మొదటి స్టేజి ఆడితే తేడా వెంటనే కనిపిస్తుంది. వెనక చెట్లు ఊగుతుంటాయి. మంచు స్టేజిలో గాలికి మంచు ఎగురుతుంది. స్టేజికీ స్టేజికీ మధ్య చిన్న కథాదృశ్యాలు ఉంటాయి. జపాన్‌లో కోనామీ తన సొంత చిప్ వీఆర్‌సీ2ను క్యాసెట్‌లో పెట్టుకునే వీలుండేది, ఆ చిప్ బొమ్మల పలకలను చిటికెలో మార్చేది. అమెరికాలో క్యాసెట్లు నింటెండో ఇచ్చే బోర్డుల మీదే తయారు కావాలి. దాంతో చెట్లు ఊగడం మానేశాయి. యూరప్‌లో ఇంకో విచిత్రం. యుద్ధం బొమ్మల విషయంలో జర్మనీ నిబంధనలకు భయపడి అక్కడ మనుషుల స్థానంలో రోబోలను పెట్టి ఆట పేరునే ప్రోబోటెక్టర్‌గా మార్చారు. ఒకే ఆట, మూడు ఖండాల్లో మూడు ముఖాలు. మన దేశపు ముఖం నాలుగోది. దాన్ని ఏ కంపెనీ ప్రణాళిక వేసి చేయలేదు, మన టీవీలు చేశాయి.

ఈ ఆటల్లో కాలాన్ని కొలిచేది గడియారం కాదు, తెర. ఒక ఫ్రేము గీయడం పూర్తయిన ప్రతిసారీ గీసే చిప్ ప్రాసెసర్‌కు ఒక గంట కొడుతుంది. గంట వినబడగానే ప్రోగ్రామ్ ప్రతిదాన్నీ ఒక అడుగు జరుపుతుంది. వీరుడు ఒక చుక్క ముందుకు, తూటా కొన్ని చుక్కలు, పాట ఒక చిన్న ముక్క. జపాన్, అమెరికా టీవీలు సెకనుకు దాదాపు 60 తెరలు గీస్తాయి. మన దూరదర్శన్ ఎంచుకున్నది పాల్ పద్ధతి, 625 గీతలు, సెకనుకు 50 తెరలు. 1982లో ఆసియా క్రీడల వేళ రంగుల ప్రసారం మొదలైంది ఆ పద్ధతిలోనే. కాబట్టి మన టీవీల కోసం సర్దిన నకలు యంత్రంలో గంట సెకనుకు 60 సార్లు కాకుండా 50 సార్లే మోగుతుంది. ఆట మొత్తం ఆరో వంతు నెమ్మదిస్తుంది. ఫ్రేముకు ఒక చుక్క చొప్పున కదిలే బొమ్మ 256 చుక్కల తెరను దాటడానికి అమెరికాలో నాలుగుంపావు సెకన్లు పడితే ఇక్కడ అయిదు దాటుతుంది. తూటా చూసి వంగడానికి తెలుగు పిల్లవాడికి అమెరికా పిల్లవాడి కంటే అయిదో వంతు ఎక్కువ సమయం దొరికింది. ఇప్పుడు యానివర్సరీ కలెక్షన్ ఆటను 60 తెరల వేగంతో తెరిస్తే, పాల్ డబ్బా మీద చేతులు దిద్దుకున్నవారికి ప్రతిదీ 20 శాతం వేగంగా మీద పడుతుంది. మొదటి స్టేజిలోని వంతెన మీదే లైఫులు అయిపోవడానికి ఇదో మంచి కారణం, ఇంట్లోవాళ్లకు చెప్పుకోవచ్చు కూడా.

పాట సంగతి ఇంకా బావుంటుంది. స్వరం ఎంత ఎత్తులో పలకాలన్నది ప్రాసెసర్ వేగం నిర్ణయిస్తుంది. స్వరాలు ఎంత త్వరగా ఒకదాని వెంట ఒకటి రావాలన్నది తెర గంట నిర్ణయిస్తుంది. యూరప్ కోసం నింటెండో అధికారికంగా చేసిన పాల్ యంత్రంలో రెండూ తగ్గాయి. ప్రాసెసర్ 1.66 మెగాహెర్ట్జ్‌కు పడిపోయింది, దాంతో సరిచేయని పాట అరస్వరానికి పైగా కిందికి దిగి పలికేది. నకలు చిప్పులు చేసినవాళ్లు మాత్రం ప్రాసెసర్‌ను 1.77 దగ్గర నిలబెట్టారు. జపాన్ వేగంతో దానికున్న తేడా ఒక్క శాతం లోపే, చెవికి అందదు. అంటే మన ఇళ్లలో మోగిన కాంట్రా పాటలో శ్రుతి తప్పలేదు, లయ మాత్రం విలంబించింది.

వాళ్లు ఇది ఎలా సాధించారన్నది నకలు ఇంజినీర్ల మీద గౌరవం పెంచే సంగతి. పాల్ తెరలో 262 గీతల బదులు 312 గీతల కాలం గడవాలి. మిగిలిన 50 గీతలను ఎక్కడో ఖర్చు పెట్టాలి. నింటెండో ఆ కాలాన్ని గంట మోగిన తరవాత కలిపింది. దాంతో గంటకూ తరవాతి తెరకూ మధ్య దూరం మారిపోయి, గీతలు లెక్కపెట్టుకుని రాసిన ఆటలు తడబడేవి. నకలు చిప్పులు ఆ 50 గీతలూ ఊరికే కూర్చుని, అప్పుడు గంట కొట్టాయి. గంట మోగాక తెర మొదలయ్యే దాకా ఉండే వ్యవధి జపాన్ యంత్రంలో ఎంతో ఇక్కడా అంతే. ప్రాసెసర్ అడుగుకు మూడు చుక్కల లెక్క కూడా చెక్కుచెదరలేదు. జపాన్ క్యాసెట్ నకళ్లను మార్చకుండా పాల్ టీవీల మీద నడిపించాలన్నది వాళ్ల వ్యాపార అవసరం. ఆ అవసరం కోసం వాళ్లు కనిపెట్టిన ఉపాయం ఈ ఒక్క విషయంలో అసలు కంపెనీ ఉపాయం కంటే పొందికైనది.

రష్యాలో ఇలాంటి నకలు యంత్రం 1992 చివర్లో డెండీ పేరుతో వచ్చి ఒక తరాన్నే పెంచింది. మెసెన్, ఎఫ్‌సీఈయూఎక్స్ వంటి ఎమ్యులేటర్లలో ఇప్పుడు దేశాన్ని ఎంచుకునే చోట అమెరికా, యూరప్ పద్ధతుల పక్కన డెండీ అని మూడో మీట ఉంటుంది. మీడియా డబ్బా మీద ఆడిన కాంట్రా నడక కావాలనుకునే తెలుగువాళ్లు నొక్కాల్సింది ఆ రష్యా మీటే. యానివర్సరీ కలెక్షన్‌లో అది లేదు. ఎం2 చాదస్తం కూడా లైసెన్సు లేని డబ్బా దాకా వెళ్లలేదు, కోనామీ దొంగ సరుకును స్మరించుకోవాలని ఆశించడం అత్యాశే అవుతుంది.

వేగానికి తోడు ఆలస్యం అనే ఇంకో శత్రువు ఉంది. డబ్బా టీవీలో సంకేతం రాగానే ఎలక్ట్రాన్ల పుంజం దాన్ని తెర మీద గీసేస్తుంది, మధ్యలో దాచిపెట్టుకునే చోటే లేదు. ఇప్పటి పలక టీవీ ముందు మొత్తం తెరను జ్ఞాపకంలో పెట్టుకుంటుంది, రంగులు దిద్దుతుంది, చిన్న బొమ్మను పెద్ద తెరకు సాగదీస్తుంది, ఆ తరవాతే చూపిస్తుంది. టీవీలో గేమ్ మోడ్ పెట్టడమంటే ఈ అలంకారాలు వద్దని చెప్పడం. ఫోన్ అయితే వేలికి మీట అంచు తెలియదు, కాంట్రాలో ఏటవాలుగా కాల్చడం అక్కడే తప్పుతుంది. రెట్రోఆర్చ్ అనే సాఫ్ట్‌వేర్ 2018లో దీనికో గడుసు విరుగుడు తెచ్చింది. మీట నొక్కగానే రెండు మూడు ఫ్రేముల భవిష్యత్తును చాటున ఆడేసి, ఆ ఫలితాన్ని ఇప్పుడే తెర మీద పెడుతుంది. మరుక్షణం ఆట స్థితిని వెనక్కి తిప్పి మళ్లీ అదే చేస్తుంది. వెయ్యి రెట్ల బలం అక్కరకొచ్చే చోటు ఇదీ ఒకటి.

కాంట్రాను ఇన్ని సర్దుబాట్లతో బతికించవచ్చు. అదే నకలు డబ్బాలతో పాటు ప్లాస్టిక్ తుపాకీతో వచ్చిన డక్ హంట్‌ను మాత్రం ఇలా బతికించలేం. కారణం దాని గురిలో ఉంది. అది తెలియాలంటే ముందు నిజమైన వేటలో గురి చూడాలి.

అరకు చుట్టుపక్కల గిరిజన గ్రామాల్లో చైత్రంలో ఇటుకల పండగ వస్తుంది. మగవాళ్లు విల్లంబులు పట్టి అడవికి వేటకు వెళ్లడం ఆ పండగలో పాత ఆచారం. వన్యప్రాణుల వేటను చట్టం ఏనాడో నిషేధించింది గానీ ఆ గురి వెనక ఉన్న లెక్క చెప్పుకోదగ్గది. సెకనుకు 40 మీటర్ల వేగంతో వెళ్లే బాణం 20 మీటర్ల దూరం చేరడానికి అర సెకను పడుతుందనుకుందాం. ఆ అర సెకనులో పది మీటర్ల వేగంతో పరుగెత్తే జంతువు అయిదు మీటర్లు జరిగిపోతుంది. జంతువును చూసి వదిలితే బాణం దాని వెనక గడ్డిలో దిగుతుంది. వేటగాడు జంతువు లేని చోటును గురి చూడాలి, అది అక్కడికి వస్తుందని నమ్మి.

1984లో నింటెండో చేసిన డక్ హంట్‌లో బాతును సూటిగా గురి చూడాలి. ముందుకు గురి పెడితే తప్పిపోతుంది. ఎందుకంటే ఆ తుపాకీలోంచి ఏదీ బయటికి రాదు. వెలుగే తెర నుంచి తుపాకీలోకి వస్తుంది. ట్రిగ్గర్ నొక్కగానే ఆట తెరను ఒక ఫ్రేము మొత్తం నల్లగా చేస్తుంది. తరవాతి ఫ్రేములో బాతు ఉన్న చోట ఒక తెల్లని గడి గీస్తుంది. రెండు బాతులుంటే రెండోదానికి ఇంకో ఫ్రేము. తుపాకీ గొట్టంలో కటకం వెనక ఉన్న సెన్సర్ నల్ల తెరలో వెలుగు చూడకుండా, తెల్ల గడి వేళ వెలుగు చూస్తే తగిలినట్టు. నల్ల తెర వేళ కూడా వెలుగు కనబడిందంటే ఎవరో బల్బు వైపు గురి పెట్టారన్నమాట. బల్బు దొంగను పట్టడానికి ఇంకో కాపలా ఉంది. డబ్బా టీవీ పుంజం సెకనుకు సుమారు 15,700 గీతలు గీస్తుంది కనుక దాని వెలుగు ఆ లయతో అదురుతుంది. తుపాకీలోని సర్క్యూట్ ఆ అదురునే వెతుకుతుంది.

పలక టీవీల్లో పుంజమూ లేదు, ఆ అదురూ లేదు. పైగా తెల్ల గడి రావాల్సిన ఫ్రేముకు రాదు, కాస్త ఆలస్యంగా వస్తుంది. అందుకే పాత తుపాకీ కొత్త టీవీ ముందు గుడ్డిదవుతుంది, క్యాసెట్ ఎంత బాగున్నా సరే. 

ఈ తుపాకీ వంశం ఒక సౌరఘటం అమ్మకంతో మొదలైంది. షార్ప్ కంపెనీలో పనిచేసే మసయుకి ఉఎమురా వెలుగును పసిగట్టే ఘటాలను నింటెండోకు చూపించాడు. బొమ్మల రూపకర్త గున్‌పెయ్ యొకొయ్ వాటిని వెలుగుతో కాల్చే తుపాకీ బొమ్మలుగా మార్చాడు. 1970లో అవి అమ్మకానికొచ్చాయి. తరవాత ఉఎమురా నింటెండోలోనే చేరి ఫామికామ్ రూపకల్పనకు నాయకత్వం వహించాడు. బాతు కింద పడనప్పుడు గడ్డిలోంచి లేచి నవ్వే కుక్కను కాల్చాలని ఎంతమంది పిల్లలు ప్రయత్నించారో గానీ, ఇంటి రూపంలో ఆ వీలు పెట్టలేదు. జాయ్‌స్టిక్‌తో బాతును నడిపించవచ్చన్న సంగతి మాత్రం చాలామందికి తెలియకుండానే పోయింది. తమ్ముడి చేతికి అది ఇస్తే అన్నకు ఒక్క బాతూ దొరకదు.

2014 డిసెంబరులో నింటెండో డక్ హంట్‌ను వీ యూ యంత్రంలో తిరిగి తెచ్చింది. తుపాకీ బదులు వీ రిమోట్ ఇచ్చింది. టీవీ దగ్గర పెట్టే పట్టీలోని పరారుణ దీపాలను రిమోట్ ముందున్న కెమెరా చూసి, తను ఎటు తిరిగి ఉందో లెక్క కడుతుంది. తెర మీద గురి గుర్తు కనిపిస్తుంది. ఆట నడిచింది, కానీ గుర్తు కనబడ్డాక అది తుపాకీ ఆట కంటే మౌస్ ఆటకే దగ్గర. బ్రిటన్‌లో రూపుదిద్దుకున్న సిండెన్ లైట్‌గన్ ఇంకో దారి పట్టింది. తెర చుట్టూ తెల్లని చట్రం గీసి, తుపాకీలోని కెమెరాతో ఆ చట్రాన్ని చూసి, అది వంగిన తీరును బట్టి గురిని కనిపెడుతుంది.

తిరిగి విడుదలైన ఆటలకూ ఆయుష్షు ఉంటుంది. వీ యూ అంగడిని నింటెండో 2023 మార్చి 27న మూసేసింది. దాంతో 2014 డక్ హంట్ కొత్తగా కొనడానికి లేకుండా పోయింది. అదే ఏడు వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ ప్రకటించిన అధ్యయనం ప్రకారం, అమెరికాలో 2010కి ముందు విడుదలైన పాత ఆటల్లో 87 శాతం అప్పటికి అమ్మకంలోనే లేవు. గ్రంథాలయాలు వాటిని పరిశోధకులకు దూరం నుంచి ఆడనిచ్చేలా మినహాయింపు కోరితే 2024 అక్టోబరులో అమెరికా కాపీరైట్ కార్యాలయం ఒప్పుకోలేదు. దొరికే కొద్దిపాటి ఆటలు కూడా ప్రధానంగా డౌన్‌లోడ్ రూపంలోనే వస్తున్నాయి. డౌన్‌లోడ్‌కు కావాల్సిన నెట్ కొండలకూ చేరుతోంది. 2023 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ మారుమూల ప్రాంతాల్లో ఒకేసారి వంద 4జీ టవర్లు మొదలైతే వాటిలో అధికభాగం అల్లూరి సీతారామరాజు జిల్లాకే వచ్చాయి. ఒకప్పుడు విశాఖ బజారుకు దిగితే తప్ప దొరకని ఆట ఇప్పుడు టవరు అందిన కొండ ఊరిలోనూ దిగుతుంది, అమ్మే అంగడి తెరిచి ఉన్నంతకాలం.

ప్లాస్టిక్ తుపాకీ అటక మీద ఇంకా ఉన్నవాళ్లకు మాత్రం అంగడితో పని లేదు. పాత సామాన్ల కొట్టులో పనిచేసే డబ్బా టీవీ ఒకటి దొరికితే బాతులు యథావిధిగా పడతాయి. కొనేముందు ఆన్ చేయించి చూసుకోవాలి, రంగులు మూలల్లో చెదిరిపోకుండా ఉన్నాయో లేదో చూడాలి. మొరాయిస్తే వెనక మూత సొంతంగా విప్పకూడదు. రంగుల పిక్చర్ ట్యూబ్ 20 వేల వోల్టులకు పైన పనిచేస్తుంది, ప్లగ్గు పీకేశాక కూడా ఆ గాజు కొంతకాలం విద్యుత్తును పట్టుకునే ఉంటుంది. ఆ పని ఒకప్పుడు టీవీలు బాగుచేసిన మెకానిక్‌కే అప్పగించాలి.